రోల్ నంబర్‌లో చివరి అంకె

పర్లాకిమిడి బజారులో నాకొక చిన్న నెట్ సెంటర్ ఉంది. జిరాక్స్, పాస్‌పోర్ట్ ఫొటోలు, కరెంటు బిల్లు, స్కాలర్‌షిప్ అప్లికేషన్, రైలు టికెట్, అన్నీ చేస్తాం. బోర్డు ఒడియాలోనూ తెలుగులోనూ రాసి ఉంటుంది, లోపల మాటలు మాత్రం ఎక్కువగా తెలుగే, మధ్యమధ్యలో ఒడియా వచ్చి కలుస్తుంది, ఎవరూ పట్టించుకోరు. బోర్డు మీద రాయని పని కూడా ఒకటి చేస్తాను. దాని సంగతి తర్వాత చెప్తాను, ముందు మా మేనల్లుడి సంగతి.

వాడు ఆంధ్రా వైపు ఒక కాలేజీలో డిగ్రీ చదువుతున్నాడు. సరిహద్దు దాటడమంటే పెద్ద ప్రయాణమేం కాదు, ఇక్కడ బండి స్టార్ట్ చేసి రెండు మాటలు మాట్లాడుకునేలోపు పాతపట్నం వచ్చేస్తుంది. పోయిన ఏడాది ఒక సాయంత్రం, నేను కొట్టు కట్టేసే వేళకి వచ్చి, "మావయ్యా, ఒకటి చూపిస్తాను, అమ్మకి చెప్పకు" అన్నాడు.

కాలేజీ ఫలితాల పేజీ తెరిచాడు. పైన అడ్రస్ బార్‌లో చివర వాడి రోల్ నంబర్ కనిపిస్తోంది. అందులో చివరి అంకె 7ని 8 చేసి ఎంటర్ కొట్టాడు. పక్క కుర్రాడి మార్కుల మెమో వచ్చింది. ఒట్టి మార్కులే అయితే పోనీలే అనుకునేవాణ్ణి, కానీ కింద ఫొటో, తండ్రి పేరు, ఫోన్ నంబరు, ఆధార్ నంబరు, స్కాలర్‌షిప్ కోసం ఇచ్చిన బ్యాంకు ఖాతా నంబరు, అన్నీ ఉన్నాయి. పాస్‌వర్డ్ అడగలేదు, ఓటీపీ రాలేదు. 8ని 9 చేశాడు. ఇంకొకరు.

"ఎంతమందివి చూశావురా?"

"మొదట ఫ్రెండ్స్‌వి..." అని తల గోక్కున్నాడు. ఆ తర్వాత క్లాసులో ఒక అమ్మాయిది చూశాడట. ఆ తర్వాత పైథాన్‌లో ఇరవై లైన్ల ప్రోగ్రాం రాసి, రాత్రి పడుకునే ముందు నడిపించి వదిలేస్తే, తెల్లారేసరికి 640 మంది మెమోలు వాడి ల్యాప్‌టాప్‌లో ఒక ఫోల్డర్లో వచ్చి కూర్చున్నాయి.

"నేనేం హ్యాక్ చెయ్యలేదు మావయ్యా. తాళమే లేదు, ఇంక నేను పగలగొట్టిందేటి?"

నిజం చెప్పాలంటే నాకు ముందు వచ్చింది కోపం కాదు, కాస్త గర్వం. మనవాడికి బుర్ర ఉందే అనిపించింది. తర్వాత భయం వేసింది. కోపం మూడోది, అది ఆ అమ్మాయి మెమో దగ్గర వచ్చింది. ఈ వ్యాసం ఆ మూడింటినీ విడదీసుకునే ప్రయత్నం.

హ్యాకింగ్ అనే మాటతోనే మొదలుపెడదాం, ఎందుకంటే సగం గందరగోళం అక్కడే ఉంది. మొదట్లో ఆ మాటకి దొంగతనం వాసన లేదు. అమెరికాలో ఎంఐటీ అనే విద్యాసంస్థలో 1950ల చివర్లో బొమ్మ రైళ్ల క్లబ్బు కుర్రాళ్లు తెలివైన కిటుకుని హ్యాక్ అనేవారు. మన ఊళ్లో మెకానిక్ పాత మోటారుకి సైకిల్ ట్యూబు ముక్క చుట్టి నడిపిస్తాడే, అలాంటిది. మన చట్టం కూడా ఈ మాటతో ఇబ్బంది పడింది. 2000 నాటి ఐటీ చట్టంలో 66వ సెక్షన్ పేరే కంప్యూటర్ హ్యాకింగ్. 2008లో సవరించినప్పుడు ఆ పేరు తీసేసి 'కంప్యూటర్ సంబంధిత నేరాలు' అని మార్చారు. అంటే ఇవాళ టీవీలో "హ్యాకింగ్ కేసు" అని అరుస్తున్నప్పుడు వాళ్లు చెప్పే నేరం ఆ పేరుతో ఆ సెక్షన్లో లేదు. మాట పోయింది గానీ ముద్ర మిగిలింది.

ఇక తాళం సంగతి. "తాళం లేదు కదా" అని కుర్రాళ్లు అంటారు, "తలుపు తీసి ఉంటే ఎవరింట్లోకైనా దూరిపోతావా" అని పెద్దవాళ్లు అంటారు. నాకు రెండూ అతకవు. మా వీధిలో తలుపులు పొద్దున్న తీస్తే రాత్రికే వేస్తారు. పక్కింటి పిన్ని నేరుగా వంటింట్లోకి వచ్చి పోపుల డబ్బా తీసుకెళ్తుంది, దాన్ని ఎవరూ చొరబాటు అనరు. అదే పిన్ని బీరువా తెరిచిందనుకోండి, దానికి తాళం వేసి లేకపోయినా, ఊరంతా వారం రోజులు అదే మాట్లాడుకుంటుంది. ఎంతవరకు రావచ్చో తలుపు చెప్పదు, వరస చెప్తుంది, గది చెప్తుంది. ఇంటర్నెట్‌లో వరసా లేదు, గదీ కనపడదు, అందుకే ఇంటి పోలిక అక్కడ జారిపోతుంది.

నా దృష్టిలో వెబ్‌సైట్ అంటే తహసీల్ ఆఫీసులో కౌంటర్. మీరు కాగితం అడుగుతారు, గుమస్తా ఇస్తాడు. అడ్రస్ బార్‌లో నంబరు మార్చడమంటే, "ఈ నంబరు కాగితం ఇవ్వండి" అని అడగడమే. గుమస్తా మీరెవరో చూడకుండా పక్కవాడి పట్టా చేతిలో పెట్టాడంటే తప్పు ముందు గుమస్తాది, కచ్చితంగా. కానీ అది మీది కాదని తెలిసే కదా మీరు అడిగారు? ఒకసారి అడగడం వేరు, ఇతను చూడకుండా ఇచ్చేస్తున్నాడని తెలిసాక రాత్రంతా నిలబడి 640 కాగితాలు సంచిలో వేసుకోవడం వేరు. మా వాడు మొదటిది చేసి ఆగి ఉంటే నేను ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు.

అచ్చం ఇదే పని 2010లో అమెరికాలో జరిగింది. ఏటీ అండ్ టీ అనే ఫోన్ కంపెనీ సర్వర్‌కి ఐప్యాడ్ సిమ్ నంబరు పంపితే ఆ మనిషి ఈమెయిల్ తిరిగి వచ్చేది. ఇద్దరు కుర్రాళ్లు నంబర్లు మారుస్తూ పోయే ప్రోగ్రాం రాసి దాదాపు 1,14,000 ఈమెయిళ్లు లాగి, ఒక వార్తా సైట్‌కి ఇచ్చారు. వాళ్లలో ఆండ్రూ ఆర్న్‌హైమర్ అనేవాడికి 2013లో 41 నెలల జైలు శిక్ష పడింది. తాళం? అక్కడా లేదు.

దాని పక్కన 2021 నాటి మిజోరీ రాష్ట్రం కథ పెట్టండి. ఒక పత్రికా విలేకరి ప్రభుత్వ విద్యాశాఖ వెబ్ పేజీ తెరిచి, బ్రౌజర్లో ఎవరైనా చూడగలిగే సోర్సు కోడ్ చూస్తే, అందులో టీచర్ల సోషల్ సెక్యూరిటీ నంబర్లు కనిపించాయి. అవి మన ఆధార్ లాంటివి. లక్షకు పైగా టీచర్ల వివరాలు అలా బయటపడే స్థితిలో ఉన్నాయి. అతను ముగ్గురివి సరిచూసుకుని ఆగిపోయాడు. ప్రభుత్వానికి చెప్పాడు, వాళ్లు పేజీ తీసేసే దాకా వార్త వేయలేదు. అయినా గవర్నర్ మైక్ పార్సన్ మైకు ముందుకొచ్చి అతన్ని హ్యాకర్ అన్నాడు, కేసు పెట్టిస్తానన్నాడు. తర్వాతి ఫిబ్రవరిలో ప్రాసిక్యూటర్ కేసు పెట్టేది లేదని తేల్చాడు. ముగ్గురికీ, 1,14,000కీ మధ్య ఉన్న తేడా ఒట్టి అంకెల తేడా కాదని నా అభిప్రాయం. రంధ్రం ఉందని నిరూపించడానికి ముగ్గురు చాలు. నాలుగో మనిషి నుంచి మీరు చేస్తున్నది నిరూపణ కాదు, ఇంకేదో.

మూడోది మన దగ్గరిది. 2018లో తెలంగాణలో పెద్దపల్లి జిల్లాకి చెందిన ఒక సిమ్ కార్డుల డీలరు పట్టుబడ్డాడు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో పెట్టిన దస్తావేజుల మీద జనం వేలిముద్రలు, ఆధార్ నంబర్లు ఉండేవి. అతను వాటిని దించుకుని రబ్బరు ముద్రలు తయారుచేసి, టార్గెట్ కోసం ఆ ముద్రలతో వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. గమనించండి, అతను వెబ్‌సైట్‌ని ఏమీ చేయలేదు. ఆ దస్తావేజులు అందరికీ కనిపించేలా పెట్టినవే. దించుకోవడం వరకు చూస్తే అతను చేసినదానికీ మిజోరీ విలేకరి చేసినదానికీ తేడా వెతకడం కష్టం, ఇద్దరూ తెరిచి ఉన్న పేజీ తెరిచారు. అందుకే ఈ చర్చలో తాళాన్ని కొలబద్దగా పెట్టుకుంటే ఎటూ తేలదని నాకు అర్థమైంది. ఎక్కడ ఆగావు, ఆగాక ఆ కాగితంతో ఏం చేశావు, అవే అడగాలి.

ఇదంతా విన్నాక మా వాడు, "అయితే నేను విలేకరి పార్టీయే కదా, నేనెవరికీ అమ్మలేదు" అన్నాడు. అమ్మలేదు, నిజమే. కానీ ఆ అమ్మాయి ఫోన్ నంబరు ఇప్పుడు వాడికి తెలుసు. ఆమె ఇవ్వలేదు. రేపు వాడు ఫోన్ చేయకపోయినా, చేయగలిగే స్థితిలో ఉన్నాడు, ఆ సంగతి ఆమెకి తెలియదు. నష్టం అంటే డబ్బు పోవడమే అనుకుంటాం గానీ, ఇలా ఎవరికో తెలిసిపోయి ఉండటం కూడా నష్టమే. 2017 ఆగస్టులో గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల బెంచి చెప్పింది ఇలాంటి వాటి గురించే.

పైగా ఆ రాత్రి వాడి ప్రోగ్రాం సర్వర్‌ని పడగొట్టి ఉంటే? మర్నాడు ఎవరో ఒక పిల్ల ఏదో అప్లికేషన్‌కి మెమో దించుకోవలసి ఉంటే? 1988 నవంబర్‌లో రాబర్ట్ మోరిస్ అనే విద్యార్థి ఇంటర్నెట్‌లోకి ఒక వార్మ్ వదిలాడు, అంటే తనంతట తానే ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పాకే ప్రోగ్రాం. పాడుచేసే ఉద్దేశం లేదు, ఎంత దూరం పాకుతుందో చూద్దామనుకున్నాడు. కోడ్‌లో లెక్క తప్పి అది ఒకే కంప్యూటర్లోకి మళ్ళీమళ్ళీ ఎక్కేసి, అప్పటి ఇంటర్నెట్‌లో ఉన్న దాదాపు 60,000 కంప్యూటర్లలో ఓ 6,000ని ఈడ్చి పడేసిందని అంచనా. జైలు వేయలేదు, మూడేళ్లు ప్రొబేషన్, 400 గంటల సేవ, 10,050 డాలర్ల జరిమానా. తర్వాత ఆయన అదే ఎంఐటీలో ప్రొఫెసర్ అయ్యాడు. కుతూహలం నేరం కాదు, కానీ దాని ఖర్చు వేరేవాళ్లు కడతారు, అది మా వాడికి ఎక్కలేదు, ఇంకా ఎక్కించే పనిలోనే ఉన్నాను.

ఇప్పుడు మన ఐటీ చట్టం ఏమంటుందో చూద్దాం. 43వ సెక్షన్: కంప్యూటర్ యజమాని, లేదా దాని బాధ్యత చూసే మనిషి అనుమతి లేకుండా అందులోకి వెళ్లినా, అందులోంచి సమాచారం దించుకున్నా నష్టపరిహారం కట్టాలి. 66వ సెక్షన్: అదే పని మోసపు బుద్ధితోనో, అక్రమంగా లాభపడాలనో ఎదుటివాడికి నష్టం చేయాలనో చేస్తే మూడేళ్ల దాకా జైలు, లేదా ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. కాబట్టి ఒట్టి ఆత్రంతో చూసినవాడు కాగితం మీద 43 దగ్గర ఆగుతాడు. అయితే బుద్ధి ఏమిటో తేల్చేది కోర్టు, అదీ చివర్లో. ఫోను, ల్యాప్‌టాపు స్టేషన్‌కి వెళ్లేది మొదట్లోనే.

ఆ 43వ సెక్షన్ని ఇంకోసారి చదవండి. ఎవరి అనుమతి? కంప్యూటర్ యజమానిది. మెమోలో ఉన్న ఆధార్ నంబరు ఎవరిదో ఆ మనిషి ఈ వాక్యంలో ఎక్కడా లేడు. కాలేజీ ఒప్పుకుంటే మా వాడు 640 మందివీ చూడొచ్చు, ఆ 640 మందిలో ఒక్కరికీ చెప్పక్కర్లేదు. నాకు అసలు చిక్కు ఇక్కడే కనిపిస్తుంది, దీని గురించి మాట్లాడాలంటే నేను బోర్డు మీద రాయని నా పని సంగతి చెప్పాలి.

నా కొట్లో సొరుగులో ఒక పొడుగు రిజిస్టరు ఉంది. అందులో సుమారు మూడొందల మంది పేర్లు, వాళ్ల ఎదురుగా యూజర్ ఐడీలు, పాస్‌వర్డ్‌లు. స్కాలర్‌షిప్‌వి, రైతు పథకాలవి, పీఎఫ్‌వి, కొందరివి ఏకంగా ఈమెయిల్‌వి కూడా. నేను అడిగి రాసుకున్నవి కావు. ఒడిశాలో ఉన్నాం, ప్రభుత్వ సైట్లు ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉంటాయి, మా జనంలో చాలామంది ఒడియా గడగడా మాట్లాడతారు కానీ చదవలేరు. 2024 సెప్టెంబర్‌లో సుభద్ర పథకం మొదలైనప్పుడు, ఏడాదికి పదివేలు రెండు విడతల్లో ఆడవాళ్ల ఖాతాల్లో వేస్తారన్నప్పుడు, పొద్దున్న ఆరింటి నుంచి కొట్టు ముందు వరస. ఫోన్ చేతికిచ్చేసేవారు. ఓటీపీ వస్తే వాళ్లే గట్టిగా చదివి వినిపించేవారు, వరసలో ఉన్న అందరికీ వినపడేలా. మొహం చూపించమంటే చూపించేవారు, వేలు పెట్టమంటే పెట్టేవారు. దేనికి పెడుతున్నామని అడిగినవాళ్లని నా వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

చట్టం లెక్కలో నేను చొరబాటుదారుణ్ణి కాను, వాళ్లే ఇచ్చారు. కానీ నేను ఒక రాత్రి తీరిగ్గా కూర్చుని, ఫలానా వాళ్ల ఖాతాలో ఎంత పడిందో చూద్దామనుకుంటే నన్ను ఆపేది ఏమిటి? ఏమీ లేదు, నా బుద్ధి తప్ప. ఒకసారి చూశాను కూడా. మా ఎదురు కొట్టు అతను అప్పు అడిగాడు, అతని దగ్గర నిజంగా డబ్బు లేదా అని చూశాను. తప్పని అప్పుడు తోచలేదు. మేనల్లుడి మీద కోపం వచ్చిన రోజు రాత్రి ఈ సంగతి గుర్తొచ్చి నిద్ర పట్టలేదు. వాడు కనీసం గుమస్తాని అడిగి తెచ్చుకున్నాడు, నేను నమ్మి ఇచ్చిన తాళంచెవితో తెరిచాను.

దీని మీద అమెరికా సుప్రీంకోర్టు 2021 జూన్‌లో ఒక తీర్పు ఇచ్చింది, వాన్ బ్యూరెన్ కేసు అంటారు. జార్జియాలో ఒక పోలీసు సార్జెంటు డబ్బు తీసుకుని, తనకి అధికారికంగా ఉన్న లాగిన్‌తో ఒక కారు నంబరు ఎవరిదో చూసి పెట్టాడు. ఆరుగురు జడ్జీలు ఒకవైపు, ముగ్గురు ఇంకోవైపు. లోపలికి రావడానికి అనుమతి ఉన్నవాడు తప్పుడు పనికి వాడుకుంటే అది తప్పే కావచ్చు గానీ కంప్యూటర్ చొరబాటు చట్టం కిందికి రాదన్నారు. చట్టంగా చూస్తే అది సరైన తీర్పేనని నాకనిపిస్తుంది, లేకపోతే ఆఫీసు కంప్యూటర్లో క్రికెట్ స్కోరు చూసినవాడు కూడా నేరస్తుడవుతాడు. నీతిగా చూస్తే మాత్రం ఆ సార్జెంటు, నేను ఒకే బెంచీ మీద కూర్చోవాలి.

మా వృత్తి గురించి ఇంకో చేదు ముక్క. 2018 జనవరిలో ట్రిబ్యూన్ పత్రిక విలేకరి రచనా ఖైరా, 500 రూపాయలు కట్టి పది నిమిషాల్లో ఆధార్ వివరాలు చూపించే లాగిన్ కొన్నానని రాసింది. ఆ వార్త ప్రకారం అనుమానం వెళ్లింది మాలాంటి గ్రామస్థాయి కేంద్రాల వాళ్ల మీదికి, ఆధార్ పని చేతిలోంచి పోయినా దారి తెలిసిన వాళ్ల మీదికి. ఆధార్ ఇచ్చే సంస్థ ఉడాయ్ ఏం చేసింది? ఫిర్యాదు ఇచ్చి, ఎఫ్‌ఐఆర్‌లో ఆ విలేకరి పేరు కూడా పెట్టించింది. కన్నం ఉందని చెప్పినవాళ్ల పేరు దొంగల పేర్ల పక్కనే పడింది. సాంకేతికంగా చూస్తే ఆమె అనుమతి లేని లాగిన్ కొన్నమాట నిజమే. కానీ ఆ లాగిన్ కొనకుండా అది అమ్ముడుపోతోందని ఎవరు నిరూపించగలరో నాకు తెలియజెప్పండి.

అనుమతి ఇవ్వాల్సినవాడే ఇవ్వనంటే ఏం చేయాలి? ఇది ఇంకా కష్టమైన ప్రశ్న. హైదరాబాద్‌కి చెందిన కంప్యూటర్ భద్రతా పరిశోధకుడు హరిప్రసాద్ కథ దీనికి సరిగ్గా సరిపోతుంది. ఓటింగ్ యంత్రాన్ని ఎలా ఏమార్చవచ్చో 2010లో ఆయన, అమెరికా ప్రొఫెసర్ అలెక్స్ హాల్డర్‌మన్, నెదర్లాండ్స్ నిపుణుడు రోప్ ఖోంగ్రైప్ కలిసి అసలైన యంత్రం మీదే చేసి చూపించారు. ఆ ఆగస్టులో మహారాష్ట్ర పోలీసులు హైదరాబాద్ వచ్చి ఆయన్ని అరెస్టు చేసి ముంబై తీసుకెళ్లారు. యంత్రం భద్రపరిచిన చోటు నుంచి పోయిందన్నారు, ఎవరిచ్చారో ఆయన చెప్పనన్నారు. అదే ఏడాది అమెరికాలో డిజిటల్ హక్కుల సంస్థ ఈఎఫ్ఎఫ్ ఆయనకి అవార్డు ఇచ్చింది. ఒకే పనికి ఒకచోట సంకెళ్లు, ఇంకోచోట సన్మానం.

నేనెటు? ఆయన వైపే ఎక్కువ మొగ్గుతాను. ఓటు యంత్రం ఒక కంపెనీ సొంత సరుకు కాదు, దాని లోపల ఏముందో అడిగే హక్కు ఓటరుకి ఉంది. కానీ యంత్రం చేతికొచ్చిన దారి మీద నాకు అనుమానం అలాగే ఉంది, ఎందుకంటే రేపు ఎవడో చెడ్డ బుద్ధితో అదే దారిలో ఇంకో యంత్రం తెచ్చుకుని "నేనూ పరిశోధకుణ్ణే" అంటే ఏం చెప్తాం?

దీనికి కొన్ని దేశాలు ఒక దారి వేశాయి. బెల్జియంలో 2023 ఫిబ్రవరి నుంచి, ముందుగా అనుమతి లేకపోయినా, కొన్ని షరతులు పాటిస్తే లోపం వెతికినవాడికి చట్టం రక్షణ ఇస్తుంది. చెడు ఉద్దేశం ఉండకూడదు, నిరూపించడానికి అవసరమైనదానికి మించి పోకూడదు, దొరికిన వెంటనే తెలియజేయాలి, అనుమతి లేకుండా బయట ప్రచురించకూడదు. నెదర్లాండ్స్ ప్రభుత్వమైతే తన సైట్లలో లోపం చెప్పినవాళ్లకి "నేను డచ్ ప్రభుత్వాన్ని హ్యాక్ చేశాను, దక్కింది ఈ పనికిమాలిన టీషర్టే" అనే అర్థం వచ్చేలా రాసిన టీషర్టు పంపుతుంది. మా వాడికి ఈ టీషర్టు సంగతి చెప్పాక గంటసేపు వేరే ఏదీ వినలేదు. అమెరికా న్యాయశాఖ కూడా 2022 మేలో, మంచి ఉద్దేశంతో చేసిన భద్రతా పరిశోధన మీద కేసులు పెట్టబోమని విధానం ప్రకటించింది.

ఎదురు ఉదాహరణ జర్మనీ. 2021లో లిలిత్ విట్‌మన్ అనే పరిశోధకురాలు సీడీయూ పార్టీ ప్రచార యాప్‌లో లోపం కనిపెట్టి వాళ్లకే చెప్తే, పార్టీ ఆమె మీద ఫిర్యాదు ఇచ్చింది. అక్కడి ప్రసిద్ధ హ్యాకర్ల సంఘం కేయాస్ కంప్యూటర్ క్లబ్, ఇకపై ఈ పార్టీ లోపాలు ఆ పార్టీకి చెప్పబోమని ప్రకటించింది. పార్టీ క్షమాపణ చెప్పి ఫిర్యాదు వెనక్కి తీసుకుంది. చెప్పినవాణ్ణి కొడితే చెప్పడం ఆగుతుంది, కన్నం ఆగదు.

మన దగ్గర లోపాలు చెప్పడానికి చోటు లేకపోలేదు. 2004 నుంచి పనిచేస్తున్న సెర్ట్-ఇన్ అనే కేంద్ర సంస్థ ఉంది, దానికి రాయొచ్చు, వాళ్లు సంబంధిత సంస్థతో మాట్లాడతారు. సైబర్ దాడి జరిగినట్టు గమనించిన ఆరు గంటల్లోపు తమకు తెలపాలని 2022లో సంస్థలకి గట్టిగా చెప్పింది కూడా వాళ్లే. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టంలో, సరైన జాగ్రత్త తీసుకోని సంస్థకి 250 కోట్ల దాకా జరిమానా రాశారు. ఇవన్నీ బాగానే ఉన్నాయి. లేనిదేమిటంటే, మంచి మనసుతో ముందుకొచ్చి చెప్పినవాణ్ణి కాపాడే బెల్జియం లాంటి సెక్షన్. బగ్ బౌంటీ, అంటే లోపం చెప్తే బహుమతి ఇచ్చే పద్ధతి, ఉన్న కంపెనీలైతే ఏది చూడొచ్చో ముందే రాసి పెడతాయి, ఆ గీత లోపల ఉంటే భయం లేదు. డిగ్రీ కాలేజీకి బౌంటీ ఎక్కడిది, ఫోన్ ఎత్తితే అదే మహాభాగ్యం.

ప్రభుత్వాలు చేసే చొరబాట్ల గురించి రాస్తే ఇంకో వ్యాసం అవుతుంది, ఒక్క సంగతి మాత్రం. విండోస్‌లో ఒక లోపం అమెరికా నిఘా సంస్థ ఎన్ఎస్ఏకి తెలుసు, వాడుకోవడానికి చెప్పకుండా దాచుకుంది. ఆ పనిముట్టు వాళ్ల చేతిలోంచి జారి, 2017 మేలో ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై వైరస్ అయ్యి ప్రపంచం మీద పడింది. ఇంగ్లండ్ ఆసుపత్రుల్లో వేల అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి, ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని పడ్డాయి. కుర్రాడు లోపం కనిపెట్టి దాచుకుంటే అనుమానితుడు, ప్రభుత్వం దాచుకుంటే వ్యూహం.

ఇంకో ముడి సరిహద్దుది. మా వాడు కూర్చున్నది ఒడిశాలో, కాలేజీ ఆంధ్రాలో, సర్వర్ ఏ ఊళ్లో ఉందో కాలేజీ వాళ్లకే తెలుసో లేదో. కేసు ఎక్కడ పెడతారు? ఇది చిన్న ప్రశ్న కాదు. ఇందాక చెప్పిన ఆర్న్‌హైమర్ శిక్ష 2014లో రద్దయింది సరిగ్గా దీని మీదే. అతనున్నది ఆర్కాన్సాలో, సర్వర్లు టెక్సస్‌లో, జార్జియాలో, విచారణ జరిపింది న్యూజెర్సీలో. తప్పా ఒప్పా అనేదాకా పోకుండానే, ఇక్కడ విచారించే హక్కే లేదని అప్పీలు కోర్టు కొట్టేసింది. మన దగ్గర జీరో ఎఫ్‌ఐఆర్ ఉంది కాబట్టి ఏ స్టేషన్లోనైనా రాసుకుని అసలు చోటికి పంపాలి. కోరాపుట్‌లో కొటియా ఊళ్లు ఒడిశావా ఆంధ్రావా అనే వివాదం 1968లో సుప్రీంకోర్టుకెక్కింది, ఇప్పటికీ అక్కడి జనం చేతిలో రెండు రాష్ట్రాల కార్డులూ ఉంటాయి. నేల మీద గీతే తేలని చోట సర్వర్‌లో గీత ఎవరు గీస్తారో నాకైతే ఊహకందదు.

సరే, మేం ఏం చేశామో చెప్తాను. ముందు ఆ ఫోల్డర్. "తీసెయ్" అన్నాను. "సాక్ష్యం కదా మావయ్యా" అన్నాడు. అది తెలివైన ప్రశ్నే, కేసు అయ్యాక తీసేస్తే అదింకో నేరం అవుతుంది. కేసేమీ లేదు కాబట్టి, వాడి సొంత మెమో ఒకటి, వాడి స్నేహితుణ్ణి పిలిచి సంగతి చెప్పి ఒప్పుకున్నాక అతనిది ఒకటి, రెండే ఉంచి మిగతావి నా కళ్లముందే తీసేయించాను. తర్వాత కాలేజీకి ఉత్తరం రాశాం. "మీ సైట్‌లో ఫలానా పేజీలో నంబరు మారిస్తే ఇతరుల వివరాలు వస్తున్నాయి, సరిచేయగలరు." 640 సంగతి రాయాలా వద్దా అని రెండు రోజులు వాదించుకున్నాం. రాయాలని వాడన్నాడు. వద్దని నేనన్నాను. చివరికి నా మాటే నెగ్గింది, అది నాకు అంత సంతోషంగా లేదు. సెర్ట్-ఇన్‌కి కూడా అదే పంపాం.

కాలేజీ నుంచి జవాబు లేదు. మూడు వారాల తర్వాత చూస్తే పేజీ పాస్‌వర్డ్ అడుగుతోంది. పాస్‌వర్డ్ ఏమిటంటే పుట్టిన తేదీ. ఆ పుట్టిన తేదీ ప్రతివాడి హాల్ టికెట్ మీద రోల్ నంబర్ కింద అచ్చయి ఉంటుంది. మా వాడు నా వైపు చూశాడు, నేను "వద్దు" అన్నాను.

ఇక మిగిలింది నా రిజిస్టరు. దసరాకి ముందు ఎవరి కాగితం వాళ్లకి చించి ఇచ్చేద్దామని మొదలుపెట్టాను. పాస్‌వర్డ్ మార్చి, చీటీ మీద రాసి, మీ ఇంట్లో దాచుకోండి అని చెప్పేవాణ్ణి. నలభై మంది దాకా పట్టుకెళ్లారు, వాళ్లలో పదిమంది మళ్ళీ వచ్చి చీటీ పోయిందన్నారు. మొన్న మా వీధి చివరి మామ్మ వచ్చింది, సుభద్ర డబ్బులు పడ్డాయో లేదో చూడమని. ఆమె వయసు దాటిపోయింది, కోడలివి. "కోడల్ని తీసుకురా మామ్మా, ఆమె ఫోనుకి ఓటీపీ వస్తుంది" అన్నాను.

"దానికి చెప్పకుండా చూడమనే కదా బాబూ నేనొచ్చింది" అంది.